మసకకొండకు కోళ్ళగంప

తుమ్మెదగిరి రాజ్యంలో జనం పడక మీద వాలడానికే భయపడిన కాలం ఒకటి ఉండేది.

ఆ రాజ్యానికి ఉత్తరాన మసకకొండ ఉంది. దాని గుహలో ధూమకుడనే రాక్షసుడు కాపురం ఉండేవాడు. పొగే వాడి ఒళ్ళు, పొగే వాడి ఊపిరి. చీకటి పడగానే గుహ వదిలి ఊళ్ళ మీద పడేవాడు. కాని కోడి కూత చెవిన పడితే మాత్రం, ఎక్కడున్నా సరే, పరుగున గుహకు చేరుకోవలసిందే. అది వాడికి పుట్టుకతో వచ్చిన కట్టడి. ఏళ్ళ తరబడి ఆ కూతను తిట్టుకుంటూ తిరిగిన ధూమకుడు, చివరికి ఏదో క్షుద్రవిద్య సాధించి, రాజ్యంలోని పుంజుల గొంతులన్నిటినీ ఒక్క మంత్రంతో కట్టేశాడు.

మర్నాడు పుంజులు ఎప్పటిలాగే గోడలెక్కాయి, రెక్కలు టపటప కొట్టుకున్నాయి, మెడలు సాచి నోళ్ళు తెరిచాయి. ఒక్కదాని గొంతూ పలకలేదు. ఇక ధూమకుడికి గుహకు తిరిగి వెళ్ళే పనే లేకపోయింది. వాడి ఊపిరి బూడిదరంగు మంచులా పొలాల మీద, ఇళ్ళ మీద పరుచుకుంది. మధ్యాహ్నం వేళ కూడా సూర్యుడు చిలుము పట్టిన రాగిచెంబులా కనిపించేవాడు. అంతకన్నా ఘోరం ఏమిటంటే, పడుకున్నవాళ్ళలో కొందరు తెల్లారి లేచేవారు కాదు. ఊపిరి ఆడేది, ఒళ్ళు వెచ్చగానే ఉండేది, ఎంత కుదిపినా కళ్ళు మాత్రం తెరుచుకునేవి కావు. మొదట వీధికొకరు, తర్వాత ఇంటికొకరు. ఒకనాడు రాజుగారే లేవలేదు. ఈ నిద్రను వదిలించినవారు ఏది కోరితే అది ఇస్తానని రాణి మాలినీదేవి చాటింపు వేయించింది. కత్తులు దూసుకుని కొండకు బయలుదేరిన వీరులు దారిలోనే గుర్రాల మీద వాలి నిద్రపోయారు.

ఆ రాజ్యంలో జొన్నలపాడు అనే ఊరు ఉంది. అక్కడ పైడి అనే అమ్మాయి తల్లి సూరమ్మతోనూ, అవ్వతోనూ ఉండేది. సూరమ్మకు కోళ్ళంటే ప్రాణం. ఎక్కడ కొత్తరకం గుడ్డు దొరికినా తెచ్చి తన పెట్ట కింద పెట్టేది. ఆ ఏడు కోటలో పెరిగే ఎర్ర డేగ జాతి కోడి గుడ్లు, సంతలో దొరికిన తెల్ల సేతువ జాతి గుడ్లు, కొండగూడెం వాళ్ళిచ్చిన నల్ల కాకి జాతి కోడి గుడ్లు, మెడ మీద ఈక మొలవని బోడిమెడ కోడి గుడ్డు, గోధుమరంగు పెట్ట సొంత గుడ్లు రెండు, అన్నీ ఆ ఒక్క పెట్ట కిందే పొదగేసింది.

గుడ్లు చిట్లే రోజున సూరమ్మ లేవలేదు.

"అమ్మా! పిల్లలు బయటికొస్తున్నాయే, లేవే!" అని పైడి ఎంత పిలిచినా ఆమె కదలలేదు. గంపలో చూస్తే, గుడ్లు పొదుగుతున్న పెట్ట కూడా తల వాల్చేసి అలాగే నిద్రలో ఉంది. దాని రెక్కల కింద తడితడి పిల్లలు కిచకిచమంటూ వణుకుతున్నాయి. పైడి అమ్మ దగ్గర కూర్చుని ఏడవాలో, పిల్లలను చూసుకోవాలో తెలియక వాకిట్లో నిలబడిపోయింది.

అప్పుడే ఒక ముసలి బైరాగి భిక్షకు వచ్చాడు. గంపలోకి వంగి చూసి, "ఇవి ఎప్పుడు పుట్టాయి తల్లీ?" అని అడిగాడు.

"ఇప్పుడే స్వామీ."

"మంత్రం పడిన నాటికి లోకంలో లేని ప్రాణిని ఆ మంత్రం అంటదని విన్నాను. వీటిలో పుంజు ఉంటే, దాని తొలి కూత ధూమకుడి గుహ ముందే పలకాలి. కూత వింటే వాడు లోపలికి పోక తప్పదు, పోయాక, ఇన్నాళ్ళు కట్టడి మీరినందుకు గుహ మూసుకుంటుంది. కాని ముందుగా ఇక్కడే కూసిందో, వాడికి తెలిసిపోతుంది. దాని గొంతూ కట్టేస్తాడు."

"వీటిలో పుంజులేవి స్వామీ?"

"నాకేం తెలుసమ్మా? ఎదిగితే అవే చెబుతాయి," అని బైరాగి జోలె సర్దుకుని వెళ్ళిపోయాడు.

ఆ రోజు నుంచి పైడికి కంటి మీద కునుకు లేదు. కుంపటిలో నిప్పు మీద బూడిద కప్పి, చుట్టూ గోనె కట్టి పిల్లలను వెచ్చగా ఉంచింది. వేడి ఎక్కువైతే నోళ్ళు తెరుచుకుని ఎగశ్వాస తీసేవి. తక్కువైతే ఒకదాని మీద ఒకటి గుట్టగా పడేవి, అడుగునున్నది నలిగిపోయేది. అందుకే ఆమె మాటిమాటికీ చెయ్యి పెట్టి చూసేది. నీళ్ళలో పడి మునగకుండా మూకుడులో గులకరాళ్ళు వేసింది. జొన్ననూకలు చల్లింది, పుట్టలు తవ్వి చెదలు తెచ్చింది. అయినా ఒకనాడు చిన్న కాకిపిల్ల రెక్కలు వేలాడేసి, ఆమె అరచేతిలోనే చల్లబడిపోయింది. పైడి దాన్ని పెరట్లో పాతిపెట్టి వచ్చి, మిగిలినవాటి రెక్కలన్నీ ఒక్కొక్కటిగా ఎత్తి చూసింది.

రకరకాల పిల్లలు కావడంతో వాటికి ఒకదానితో ఒకటి పడేది కాదు. డేగపిల్ల అందరినీ పొడిచేది. ఎక్కడైనా నెత్తురు చుక్క కనిపిస్తే మిగిలినవన్నీ అక్కడికే ఎగబడేవి. పైడి వాటిని విడదీసి, గాయాలకు పసుపూ ఆముదమూ రాసేది. ఆ గోల మధ్య ఆమెకు నిద్రపోయే వీలు ఉండేది కాదు. బహుశా అదే ఆమెను కాపాడిందేమో.

నెలలు గడిచాయి. డేగకు, సేతువకు, కాకికి తలమీద జుట్టు ఎర్రబడింది. అవి పుంజులని తేలిపోయింది. బోడిమెడది, తల్లిలాంటి గోధుమరంగువి రెండు మాత్రం పెట్టలు. ఒక సాయంత్రం డేగ గోడెక్కి మెడ సాచింది. పైడి ఒక్క ఉదుటున వెళ్ళి దాని ముక్కు మూసి కిందికి దించింది.

"ఇక ఆగడానికి లేదవ్వా. రేపే బయలుదేరతాను."

"పెట్టల్నెందుకే మోయడం? పుంజుల్ని పట్టుకుపో," అంది అవ్వ.

"విడదీస్తే పుంజులు మేత ముట్టవు. అరిచి గోల చేస్తాయి. ఆ గోలలో కూత వచ్చేస్తే?"

అవ్వ పైడి గడ్డం పట్టుకుని, "నువ్వొచ్చేసరికి నేను కూడా పడుకునుంటే, అమ్మ నోట్లో గంజి పొయ్యడం మాత్రం మర్చిపోకే తల్లీ," అంది.

పైడి గంప మీద నల్ల గొంగడి కప్పి నెత్తికెత్తుకుంది. లోపల చీకటిగా ఉంటే పుంజులు కూయవని ఆమె ఆశ. అడవిలో నడుస్తూ అడుగడుగునా చెవులు రిక్కించి వినేది. ఒకసారి గంపలోంచి ఏదో గొంతు గరగరమంది. "ష్, ష్, నా బంగారు తల్లులు కదూ," అని బతిమాలుతూ పరుగులాంటి నడక నడిచింది.

కొండదారి మొదట్లో, రెండు బండల సందున ఒక అడవిపిల్లి అడ్డంగా కూర్చుని ఉంది. చిరుతంత ఉంది అది. కళ్ళు దీపాల్లా వెలుగుతున్నాయి.

"ఏయ్ పిల్లా, గంప దించు. కోడి వాసన వస్తోంది," అంది పిల్లి.

పైడి గంపను రెండు చేతులా గట్టిగా పట్టుకుంది. "ఇవి తినడానికి కాదక్కా. ధూమకుడి గుహకు తీసుకెళుతున్నాను. పుంజు కూస్తే ఈ నిద్ర విడిపోతుంది."

"అయితే పుంజుల్ని తీసుకుపో. పెట్టలతో నీకేం పని? ఒకటిచ్చి వెళ్ళు. లేకపోతే గంప మొత్తం నాదే."

ఆ మాటలో తప్పేమీ కనిపించలేదు పైడికి. ఒక్క పెట్టను ఇస్తే అమ్మ లేస్తుంది, రాజుగారు లేస్తారు. గొంగడి కిందికి చెయ్యి పోనిచ్చింది. బోడిమెడ పెట్ట తగిలింది. అది మేత పెడుతోందనుకుని ఆమె అరచేతిని మెల్లగా పొడిచింది. పైడి చెయ్యి వెనక్కి తీసుకుంది.

"ఇవ్వలేనక్కా. నిప్పులా కాచుకుని పెంచాను వీటిని. కావాలంటే నన్ను తిను," అంటూ ఏడ్చేసింది.

ఆ ఏడుపులోనే ఆమెకు బండ వెనక ఎండుటాకుల మీద పిల్లికూనలు కనిపించాయి. ముడుచుకుని పడుకుని ఉన్నాయి. వాటి మీద మంచు పేరుకుని ఉంది, ఒక్కటీ కదలడం లేదు.

"నీ పిల్లలు కూడానా అక్కా?" అంది పైడి.

పిల్లి కూనల వైపు ఒకసారి తిరిగి చూసింది. తర్వాత దారిలోంచి పక్కకు జరిగింది. "నీ వెనకే వస్తాను. కోడి కూయలేదో, గంపనూ వదలను, నిన్నూ వదలను," అంది.

అడుగుల చప్పుడు లేకుండా అది వెంట వస్తూంటే పైడికి ముందున్న రాక్షసుడి కన్నా వెనకున్న పిల్లే ఎక్కువ భయమనిపించింది.

దారి ఒక బోడిగుట్ట మీదికెక్కింది. దాక్కోవడానికి ఒక్క చెట్టు లేదు. రాత్రి చివరి జామున, సగం దారిలో, మసక వెన్నెల్లో పెద్ద నీడ ఒకటి ఆమె మీదుగా జారిపోయింది. తలెత్తేలోపే రాక్షసగద్ద ఒకటి దిగివచ్చింది. పైడి గంపను కింద పెట్టి దాని మీద బోర్లా పడింది. గద్ద గోళ్ళు ఆమె వీపులో దిగాయి. గంపలోంచి కోళ్ళు కెవ్వుకెవ్వుమంటున్నాయి. "కూయకండి, ఇప్పుడే కూయకండి!" అని ఆమె అరుస్తూనే ఉంది. ఇంతలో పిల్లి ఎగిరి గద్ద మెడ పట్టుకుంది. రెండూ దొర్లుకుంటూ వెళ్ళి గుట్ట అంచున ఆగాయి. గద్ద ఈకలు రాల్చుకుంటూ పారిపోయింది. పిల్లి చెవి ఒకటి చిరిగి వేలాడుతోంది.

"లే, తెల్లవారబోతోంది," అంది పిల్లి.

వాళ్ళు గుహ ముందుకు చేరేసరికి తూర్పు దిక్కు కొంచెం పలచబడింది. ధూమకుడు గుహ బయట బండల మీద కాళ్ళు చాపుకుని పడుకుని ఉన్నాడు. కొండంత పొగ, అందులో రెండు ఎర్రని కళ్ళు.

"గంపలో ఏం తెచ్చావే చిన్నదానా?" అన్నాడు ఆవులిస్తూ.

పైడి గొంగడి లాగేసింది. డేగ ఒక్క గెంతులో బండెక్కింది. రెక్కలు కొట్టుకుంది. మెడ సాచి నోరు తెరిచింది.

చప్పుడు లేదు.

సేతువ నోరు తెరిచింది. కాకి నోరు తెరిచింది. గాలి తప్ప ఇంకేం రాలేదు.

ధూమకుడు కడుపు పట్టుకుని నవ్వాడు. "గుడ్డులో ఉన్నవాటిని మరిచిపోయాననుకున్నావా? పుట్టిన పుంజు, పుట్టబోయే పుంజు, వాటికి పుట్టబోయే పుంజు, అన్నిటి గొంతులూ కట్టాను నేను!"

పైడి మోకాళ్ళ మీద కూలబడింది. ఇన్ని నెలల కాపలా, చచ్చిపోయిన కాకిపిల్ల, గంజి తాగించే అవ్వ, అన్నీ కళ్ళ ముందు తిరిగాయి. ధూమకుడు ఆమె మీదికి ఊపిరి వదిలాడు. పొగ తీయగా, గోరువెచ్చగా ఉంది. కనురెప్పలు బరువెక్కాయి. వెనక పిల్లి గుర్రుమనడం దూరంగా వినిపించింది.

అప్పుడు బోడిమెడ పెట్ట ఆమె భుజం ఎక్కింది. చెవి పక్కనే గొంతు గరగరలాడించి, పగిలిన కుండ మీద కొట్టినట్టు "కొక్... కొక్కొ..." అంది.

ధూమకుడి నవ్వు ఆగిపోయింది. "అది పెట్ట! పెట్ట కూస్తే ఇంటికి అరిష్టం. మీ ఊళ్ళో గొంతు కోసేస్తారు కదూ? కోసెయ్ దాన్ని!"

నిజమే. కూసిన పెట్టను జొన్నలపాడులో ఎవరూ ఉంచరు. పైడికి అవ్వ చేతిలో కత్తి గుర్తొచ్చింది. కాని ఆ రాక్షసుడి గొంతులో వణుకు కూడా వినిపించింది. వాడు కట్టింది పుంజుల గొంతులు. వాడిని కట్టింది కోడి కూత. పెట్ట కోడి కాదా?

"కూయి తల్లీ," అంది నిద్రమత్తులోనే. "నేనున్నాను. ఎవరేమన్నా సరే, కూయి."

ధూమకుడు లేచి చెయ్యి చాచాడు. డేగ ఎగిరి వాడి కళ్ళలోకి గోళ్ళు గుచ్చింది, పిల్లి కాలు పట్టుకుంది. పెట్ట మెడ సాచింది. ఆ బోడిమెడ ఎర్రగా కందిపోయింది.

"కొక్కొరోకో!"

అందమైన కూతేమీ కాదది. మధ్యలో విరిగింది, చివర కీచుమంది. అయినా కొండలన్నీ మారుమోగాయి. ధూమకుడు కేక పెడుతూ చుట్టలు చుట్టుకుని గుహలోకి ఈడ్చుకుపోయాడు. లోకం మీది మంచు అంతా వాడి వెంట లాక్కుపోయినట్టు వెళ్ళిపోయింది. గుహ నోటికి బండ అడ్డం పడింది. మరుక్షణం డేగ గొంతు విడింది. కింద లోయలో ఒక పుంజు బదులిచ్చింది, దాని తర్వాత ఊరూరా వేల పుంజులు. సూర్యుడు కళ్ళు చెదిరేలా వచ్చాడు.

వాళ్ళు కొండ దిగి వచ్చేసరికి బండల సందున పిల్లికూనలు ఒళ్ళు విరుచుకుంటున్నాయి. తల్లి పిల్లి వాటిని నాకుతూ, పైడి వైపు తిరగకుండానే, "ఇక పో. నాకు ఆకలేస్తోంది, గంప వైపు చూడలేకుండా ఉన్నాను," అంది.

ఇంటికి చేరేసరికి సూరమ్మ వాకిట్లో నిలబడి ఉంది. కూతురి వీపు మీది నెత్తురు చూసి ఘొల్లుమంది, కావలించుకుంది, తర్వాత గంపలోకి తొంగి చూసి, "కోళ్ళనింత చిక్కిపోనిచ్చావేమే? మేత పెట్టావా లేదా?" అంది. పైడి నవ్వబోయి ఏడ్చింది. ఆ రోజు పట్టపగలే తల్లి ఒడిలో తల పెట్టుకుని, భయం లేకుండా నిద్రపోయింది.

రాణి మాలినీదేవి పల్లకి పంపి పిలిపించింది. రాజుగారు పక్కనే కూర్చుని ఉన్నారు. "ఏం కావాలో కోరుకో అమ్మాయీ," అంది రాణి.

"కూసిన పెట్టను ఎవరూ చంపకూడదని చాటించండి అమ్మగారూ," అంది పైడి.

సభలో కొందరు నవ్వారు. రాణి నవ్వలేదు. ఆ సాయంత్రమే చాటింపు వేయించింది. కొన్నేళ్ళకు పైడి పెద్దదయ్యాక మసకకొండ చుట్టుపక్కల ఊళ్ళన్నిటికీ ఆమెనే పాలకురాలిని చేసింది. పైడి ఆ ఊళ్ళను చాలాకాలం చల్లగా ఏలింది.

ఇప్పటికీ ఆ సీమలో ఏ ఇంటి పెరట్లోనైనా పెట్ట కూస్తే ముసలమ్మలు ఉలిక్కిపడి కత్తిపీట వైపు చూస్తారట. చూసి, నాలుక కరుచుకుని, లోపలికి వెళ్ళి గుప్పెడు నూకలు తెచ్చి దాని ముందు చల్లుతారట.