మాష్టారి ట్రైలర్

"ఆ సుద్దముక్క ఇలా ఇవ్వండి," అన్నాడు పళ్ళ డాక్టరు. అతను ఆమెతో అన్న మొదటి మాట అదే.

గ్లైడర్ క్లబ్బు షెడ్డులో, అతని తెల్లటి గ్లైడరు రెక్క పక్కన ఆమె మోకాళ్ళ మీద కూర్చుని ఉంది. మెడలో టేపు, పెదాల మధ్య రెండు గుండుసూదులు. క్లబ్బులోని గ్లైడర్లకి దుమ్ము పడకుండా గుడ్డ కవర్లు కుట్టే పని ఆమెకి వచ్చింది. ఇప్పించింది వాళ్ళ బాబాయి. ఇంజను లేని ఆ విమానాలను పొడుగాటి తాడుతో లాగి గాల్లోకి ఎక్కించే యంత్రం దగ్గర ఆయన పని. ఆమె రెక్క కొలత తీసుకుంటూ, బట్ట మీద గీసే అలవాటు కొద్దీ రెక్క మీదే గీత గీసేసింది.

ఆ రెక్కని తన చేత్తో పాలిష్ చేస్తాననీ, అద్దంలా లేకపోతే గాలి సాఫీగా జారదనీ డాక్టరు చెప్పుకుంటూ పోయాడు. ఆమె సూదులు ఒక్కొక్కటే తీసి టేపుకి గుచ్చుకుంది.

"మీ దగ్గరికొచ్చినవాళ్ళ నోరు తెరిపించి మీకు తోచింది చేస్తారు కదా. వాళ్ళెవరైనా ఇలా గోల పెడతారా?"

"వాళ్ళ నోట్లో నా చెయ్యి ఉంటుందండీ. గోల పెట్టే వీలుండదు."

నవ్వకూడదనుకుంది. అనుకున్నంత మాత్రాన నవ్వు ఆగుతుందా?

కవరు తయారయ్యాక అతను దాన్ని పట్టుకుని ఆమె కుట్టుకొట్టుకి తరచూ రావడం మొదలుపెట్టాడు. తోక దగ్గర బిగుతుగా ఉందనేవాడు. వదులు చేసి ఇస్తే, మరీ వదులైందనేవాడు. ఒకసారి ఏమీ తోచక, కుట్లు బాగానే ఉన్నాయని చెప్పడానికే వచ్చానన్నాడు. ఇదంతా చూసిన బాబాయి ఓ రోజు, కవరుకి ఏ జబ్బూ లేదనీ, జబ్బల్లా డాక్టరుకేననీ తేల్చేశాడు. ఆమె మిషను చప్పుడులో వినబడనట్టు తల వంచుకుంది.

ఆమెను బాబాయి చిన్నప్పటి నుంచీ 'కంగారమ్మ' అని పిలిచేవాడు. ఊరికే వచ్చిన పేరు కాదు. నాన్న లారీ నడిపే రోజుల్లో అమ్మ కిటికీ దగ్గరే కూర్చునేది. పక్కన కంగారమ్మ కూడా. ప్రతి హారనుకీ ఇద్దరూ లేచేవాళ్ళు. నాన్న ప్రతిసారీ క్షేమంగానే తిరిగొచ్చాడు. చివరికి ఆయన పోయింది ఇంట్లో మంచం మీద, జ్వరంతో. అయినా కిటికీ దగ్గర కూర్చున్న సాయంత్రాలు మాత్రం ఆమెను వదల్లేదు. పాలవాడు కాస్త ఆలస్యమైనా ఆమెకి గుండె పీచుపీచుమంటుంది.

డాక్టరు పెళ్ళి మాట ఎత్తినప్పుడు కూడా అదే అడిగింది. గ్లైడరులో వెళ్ళినవాడు ఎప్పుడు తిరిగొస్తాడు?

అతను దాచలేదు. పైకి లేచే వేడిగాలి దొరికినంతసేపూ పైన తిరుగుతామనీ, అది దొరక్కపోతే ఎక్కడ చదునైన నేల కనిపిస్తే అక్కడ దిగడమేననీ, అప్పుడు ఎవరో ఒకరు ట్రైలర్ తెచ్చి విమానాన్నీ మనిషినీ ఎక్కించుకుపోవాలనీ చెప్పాడు. ఎప్పుడన్నది మాత్రం తనకే తెలియదన్నాడు.

ఆ ఆదివారమే అమ్మని కలవడానికి టీకి వస్తానన్నాడు. రాలేదు. ఫోన్ కలవలేదు. మర్నాడు ప్యాంటు మోకాళ్ళ దాకా బురదతో వచ్చి, ఎక్కడో చిత్తడి నేలలో దిగిపోయానని క్షమాపణ చెప్పాడు. ఆయన మంచివాడే అని అమ్మ ఒప్పుకుంది. ఒప్పుకుంటూనే, "నేను కూర్చున్నట్టు నిన్ను కూర్చోబెట్టలేనే," అంది.

ఆ మాట కంగారమ్మని వదల్లేదు. వారం రోజుల్లో చెబుతానంది డాక్టరుకి. ఏం చెప్పాలో మాత్రం అప్పటికే తెలిసిపోయింది. కాదనే.

సరిగ్గా ఆ గడువు ముగిసే రోజు మధ్యాహ్నం బాబాయి ఫోన్ చేశాడు. డాక్టరు దూరంగా ఓ గడ్డిమైదానంలో దిగాడట. గుట్టెక్కితే తప్ప సిగ్నలు లేదట. తను యంత్రం వదిలి రాలేడు, క్లబ్బులో జీపు నడపగలిగే మనిషి ఇంకొకరు ఖాళీగా లేరు. నువ్వు వెళ్ళగలవా తల్లీ అని అడిగాడు. లారీ డ్రైవరు కూతురు నడపలేనని ఎలా అంటుంది? పైగా, కాదనే మాట ఫోన్లో చెప్పడం కంటే ఎదురుగా నిలబడి చెప్పడమే మర్యాద అనిపించింది.

షెడ్డు వెనక డబ్బాల్లాంటి రెండు తెల్లటి పొడుగాటి ట్రైలర్లు పక్కపక్కన నిలబెట్టి ఉన్నాయి. రెండూ కవలపిల్లల్లా ఉన్నాయి. బాబాయి దూరం నుంచే చెయ్యి ఊపి అదే అన్నాడు. ఆమె అదే అనుకుని ఒకదాన్ని జీపు కొక్కేనికి తగిలించుకుంది. కాస్త బరువనిపించింది గాని, ఖాళీ డబ్బా ఎంత బరువుంటుందో ఆమెకేం తెలుసు?

దారిలో ఒక వంతెన మరమ్మతులో ఉంది. వెనక్కి తిప్పబోతే జీపు ఒకవైపు, డబ్బా ఇంకోవైపు. స్టీరింగు ఎటు తిప్పితే డబ్బా దానికి వ్యతిరేకంగా పోతోంది. చెమటలు పట్టి, అడ్డంగా నిలబడిపోయి, వెనక లారీవాళ్ళ హారన్లన్నీ విని, ఎలాగో తిప్పుకుని చుట్టుదారి పట్టింది. ఆ తర్వాత ఓ గేటు దగ్గర దారి తప్పింది. అడగడానికి మనిషి లేడు. మైదానం కనబడేసరికి బాగా ఆలస్యమైపోయింది.

రోడ్డు పక్కనే నిలబడి ఉన్నాడు డాక్టరు. ఎండకి ముఖం కందిపోయింది. జీపుని చూసి చెయ్యి ఎత్తాడు, మళ్ళీ దించేశాడు. ఆమె దిగాక, దెబ్బలేమైనా తగిలాయా అని అడిగాడు. లేదని ఆమె అంటే, జీపు చుట్టూ ఒకసారి తిరిగి చూసి వచ్చాడు.

"ముందు విమానం ఎక్కిద్దాం," అన్నాడు. "తర్వాత మీరు చెప్పాల్సింది చెబుదురుగాని."

డబ్బా తలుపు ఎత్తాడు. లోపల ఒక గ్లైడరు ఊడదీసిన రెక్కలు పక్కన పెట్టుకుని హాయిగా పడుకుని ఉంది.



"ఇది మాష్టారిది," అన్నాడు డాక్టరు.

రిటైరైన లెక్కల మాష్టారు. క్లబ్బులో అందరికంటే పెద్దవాడు. నా డబ్బా ముట్టుకుంటే ఊరుకోనని బోర్డు రాయించి పెట్టుకోకపోయినా, పెట్టుకున్నంత పనిచేసే మనిషి. డాక్టరు గుట్టెక్కి బాబాయికి ఫోన్ చేసి, దిగి వచ్చేటప్పుడు భుజాలు కదిలేలా నవ్వుతున్నాడు. అక్కడ ఆలస్యంగా వచ్చిన మాష్టారు తన డబ్బా అనుకుని డాక్టరు డబ్బా తెరిచాడట. ఖాళీ. దొంగలు విమానం ఎత్తుకుపోయి డబ్బా వదిలేశారని క్లబ్బంతా తలకిందులు చేస్తున్నాడట. ఇప్పుడు ఆ ఖాళీ డబ్బా ఆయనే స్వయంగా తన జీపుకి తగిలించి లాక్కుని బయల్దేరాడట.

అంతవరకూ చేసేదేం లేదు. గ్లైడరు రెక్క నీడలో ఇద్దరూ కూర్చున్నారు. గాలికి ఎగరకుండా ఒక రెక్క కొన మీద అతను తన పారాచూట్ బరువుగా పెట్టి ఉంచాడు. ఆమె సీసాలో ఉన్న నీళ్ళు ఇద్దరూ పంచుకున్నారు. ఇంత ఆలస్యమైనందుకు ఏమనుకున్నారని అడిగింది.

డాక్టరు గడ్డి పరక ఒకటి తుంచాడు.

"మొదట దారి తప్పారనుకున్నాను. గుట్టెక్కి ఫోన్ చేస్తే, ఎప్పుడో బయల్దేరారన్నారు. అప్పుడు, సగం దూరం వచ్చి ఆలోచించుకుని వెనక్కి వెళ్ళిపోయారనుకున్నాను. ఆ తర్వాత లారీ ఏదైనా గుద్దిందేమోననుకున్నాను. వెనక్కి వెళ్ళిపోయి ఉంటే చాలు దేవుడా అనుకున్నాను. ఇదా మీరు ఆ ఆదివారం అనుభవించింది?"

"ఇదే."

"నాకు తెలీదు. నిజంగా తెలీదు. పైన ఎగిరేవాడికి టైము ఎలా పోతుందో తెలీదు కదా."

ఎగరడం మానేస్తానని అంటాడేమోనని ఆమె చూసింది. అతను అనలేదు. ఆమే అడిగింది. ఇప్పుడైతే మానేస్తానని చెప్పగలననీ, రేపు ఎవరి నోరో తెరిపించి పెట్టి కిటికీలోంచి మబ్బులు చూస్తాననీ, అందుకే ఆ మాట ఇవ్వలేననీ చెప్పాడు. అబద్ధం చెప్పి పెళ్ళి చేసుకోవడం తనకి చేతకాదన్నాడు.

కాదని చెప్పడానికి ఇంతకంటే మంచి అదను దొరకదు. ఆమె నోరు తెరిచింది. ఆ మాట రాలేదు.

దారి పొడుగునా జరిగింది గుర్తు చేసుకుంది. వంతెన దగ్గర చెమట పట్టింది, గేటు దగ్గర తిట్టుకుంది, లారీవాళ్ళకి ఎదురు సమాధానం చెప్పింది. కాని గుండె పీచుపీచుమనలేదు. ఒక్కసారి కూడా అనలేదు. అతను ఎలా ఉన్నాడోనన్న ఆలోచన లేక కాదు. చేతిలో స్టీరింగుంది. వెళ్తోంది. అంతే తేడా.

"ఇన్నాళ్ళూ నాకు ఆలస్యమంటే భయమనుకున్నాను," అంది నెమ్మదిగా. "కాదు. కూర్చోవడమంటే భయం. కిటికీ దగ్గర చేతులు కట్టుకుని కూర్చోవడం నావల్ల కాదు."

డాక్టరు ఆమె వైపు తిరిగాడు.

"నువ్వు ఎక్కడ దిగినా ట్రైలర్ నేనే తెస్తాను. ఇంకెవర్నీ పంపడానికి వీల్లేదు. దిగిన వెంటనే గుట్టో చెట్టో ఎక్కి నాకే ఫోన్ చెయ్యాలి. అలా ఒప్పుకుంటే నాకు సరే."

మొదటిసారి 'నువ్వు' అంది. అనేశాక గాని ఆమెకే తెలియలేదు.

అతను చేతిలోని గడ్డి పరక పారేశాడు. "ఈసారి సరైన డబ్బా తెస్తావా?"

"అది నువ్వు డబ్బాకి రంగు వేసినప్పుడు చూద్దాం."

ఎండ వాలుతుండగా మాష్టారు వచ్చాడు. జీపు దిగి, తన గ్లైడరు పెయింటు ఎక్కడా గీసుకుపోలేదని నాలుగువైపులా తడిమి చూసుకుని, అప్పుడు ఆమె వంక చూశాడు.

"ఏమ్మా, నా విమానాన్ని షికారుకి తీసుకొచ్చావా?"

ఆమె తప్పైందంటే, ట్రైలర్ తెచ్చినవాళ్ళు నోరు మూసుకుని పనిచెయ్యాలన్నాడు. డాక్టరు గ్లైడరు రెక్కని మొదలు దగ్గర అతను, మధ్యలో మాష్టారు, కొన దగ్గర ఆమె పట్టుకుని ఊడదీశారు. రెక్క తొట్రుపడకుండా ఆమె నిటారుగా నడిచింది. మాష్టారు అది గమనించి మెచ్చుకోలేదు గాని, రెండో రెక్క కొనకి ఆమెనే పిలిచాడు.

బయట దిగినవాడు తనని తీసుకెళ్ళడానికి వచ్చినవాళ్ళకి భోజనం పెట్టించడం ఆ క్లబ్బు ఆనవాయితీ. దారిలో ఓ హోటల్లో ఆగారు. మాష్టారు తనకు జరిగిన మానసిక క్షోభకి పరిహారంగా అన్నీ రెండేసి చెప్పాడు. వీళ్ళిద్దరి ముఖాలూ చూసి ఇంకేదో కూడా అర్థమైందేమో, మిఠాయి కూడా చెప్పాడు.

తింటుండగా అమ్మ ఫోన్ చేసింది. బాబాయి అప్పటికే ఏదో ఊదేసినట్టున్నాడు. ముందు డాక్టరుకి ఇమ్మంది. అతను లేచి నిలబడి మాట్లాడాడు. అవునండీ, లేదండీ, జాగ్రత్తగానే ఉన్నామండీ. ఆ తర్వాత ఫోన్ ఆమె చేతికిచ్చేశాడు.

"ఎన్నింటికొస్తారే?" అంది అమ్మ.

"తెలీదమ్మా," అంది కంగారమ్మ. "దారి చుట్టు తిరగాలి. వెనక డబ్బా ఉంది."

అమ్మ కిటికీ దగ్గరే కూర్చుని ఉంటుందని ఆమెకి తెలుసు.

"ఇద్దరూ కలిసే వస్తారుగా?"

"కలిసే వస్తాం."

"సరే, అయితే నేను తిని పడుకుంటాను. తలుపు గడియ పెట్టన్లే," అని అమ్మ ఫోన్ పెట్టేసింది.