పసుపు గీత

కొండ మీది ఇంటి నుంచి కింద ఉన్న బడికి సైకిల్ మీద వెళ్లాలని లెక్కల మాస్టారికి బుద్ధి పుట్టింది. మొదటి వారమే బ్రేకులు కీచుమన్నాయి. కీచుమనే తలుపుకి నూనె వేస్తే ఊరుకుంటుంది కదా అని బ్రేకులకీ వేశాడు. కీచుమనడం ఆగింది. సైకిల్ ఆగలేదు. రెండు మలుపులు దాటి, వాలు చివరనున్న సైకిల్ షాపులోకి దూసుకెళ్లి పాత టైర్ల గుట్టలో పడ్డాడు.

షాపు నడిపే అమ్మాయి చేతిలో స్పానర్ అలాగే పట్టుకుని, అతన్నీ నూనె కారుతున్న బ్రేకులనీ చూసింది.

"బ్రేకులకి నూనె వెయ్యమని ఎవరు చెప్పారండీ?"

"సొంత తెలివే," అన్నాడు.

ఆమె నవ్వు ఆపుకుని, శనివారాలు వస్తే రిపేర్లు నేర్పుతానంది. అయిదు శనివారాల్లో పంక్చరూ చైనూ బ్రేకులూ అన్నీ వచ్చేశాయి. ఆరో వారం ఆమె చేతులు తుడుచుకుంటూ, ఇక మీకు నాతో పని లేదు మాస్టారూ అనేసింది. పిల్లలు త్వరగా నేర్చుకుంటే మురిసిపోయే మనిషి, తాను నేర్చుకున్నందుకు తనను తానే తిట్టుకున్నాడు.

ఆ వారమంతా కాలు కాలిన పిల్లిలా తిరిగాడు. బోర్డు మీద చేసిన లెక్కే మళ్లీ చేశాడు. శనివారం ఉండబట్టలేక క్యారియర్ నట్టు వదులు చేసుకుని షాపుకి వెళ్లాడు. పై వారం సీటు, ఆ పై వారం హ్యాండిలు. ఆమె అడిగినప్పుడల్లా రోడ్లు బాగోలేవనేవాడు. ఆమె బిగించి పంపేది.

నాలుగోసారి విప్పడానికి ఇంకేం మిగల్లేదు. ముందు చక్రం నట్టు వదులు చేశాడు. అది చూడగానే ఆమె ముఖం మారిపోయింది.

"ఇది మీరే విప్పారు కదూ?"

"రోడ్లు బాగోలేవు కదండీ..."

ఆమె అతన్ని వంగి చూడమంది. తను బిగించిన ప్రతి నట్టు మీద నుంచి ఫ్రేము మీదకి సన్నగా పసుపు రంగు గీత గీస్తుందట. నట్టు కదిలితే గీత విరుగుతుంది.

"ఏ గోతిలో పడ్డా నట్టు ఇంతలా తిరగదు. క్యారియర్ అప్పుడే తెలిసింది నాకు. తెలిసీ ఊరుకున్నాను. కానీ ఇది ముందు చక్రం. వాలులో ఊడితే ఏమయ్యేవారు?" ఆమె మోచేత్తో కళ్లు తుడుచుకుంది.

మాస్టారికి సిగ్గేసింది. ఆమెను ఏడిపించినంత పని చేశానని బాధా వేసింది.

"మిమ్మల్ని చూడాలని వస్తున్నాను. ఆ మాట చెప్పే ధైర్యం లేక నట్లు విప్పాను."

ఆమె నట్టు బిగించి, దాని మీద కొత్త గీత గీసింది.

"ఇది కదలకూడదు. రేపు పొద్దున్నే కొండ మీద నీళ్ల ట్యాంకు దాకా వెళ్తున్నాను. మీరూ రండి."

షాపులో ఓ మూల ఇదంతా వింటూ ట్యూబుకి గాలి కొడుతున్న ఆమె బాబాయి, హమ్మయ్య, ఆ సైకిల్ బతికిపోయింది అన్నాడు.

మర్నాడు ఆమె ముందు, అతను రొప్పుతూ వెనక. సగం ఎక్కాక ఆమె సైకిల్ సీటు జర్రున కిందికి జారింది. ఆమె దిగి, స్పానర్ అతని చేతికిచ్చి, నేర్చుకున్నారుగా, చూడండి అంది.

అతను మోకాళ్ల మీద కూర్చున్నాడు. సీటు కింది నట్టు మీద పసుపు గీత విరిగి ఉంది. నట్టు సగం చుట్టు తిరిగింది. తలెత్తి చూశాడు. ఆమె ఎటో చూస్తోంది.

"రోడ్లు బాగోలేవు," అంది.

ఆ ఒక్క నట్టు బిగించడానికి మాస్టారికి అరగంట పట్టింది.