చెమ్మతెర

"నాన్నా, నువ్వు మధ్యలో కూర్చో. అమ్మ చోటు ఖాళీగా ఉంటే తెర వెలగదేమో," అంది ఏడేళ్ల లాస్య, చాప మీద దిండ్లు సర్దుతూ.

శశాంక్ వెళ్లి మధ్యలో కూర్చున్నాడు. భార్య రోహిణి పెద్దకర్మ అయ్యాక వచ్చిన మొదటి శనివారం అది, ఇంట్లో వారం వారం కథ చూసే రోజు. దీపాలు పెట్టే వేళకి పిల్లలే చాప పరిచారు, మరమరాల్లో ఉల్లిపాయ ముక్కలు కలపమని తండ్రి వెంటపడ్డారు. నాలుగేళ్ల బుజ్జిగాడు గిన్నె ఒళ్లో పెట్టుకుని గోడవైపు తిరిగాడు. గోడకి అంటించిన పల్చటి చెమ్మతెర వెలిగింది.

ఆ కాలంలో చెమ్మతెర లేని ఇల్లు లేదు. పసిమనసులు గాయపడకూడదని పెద్ద పెద్ద మేధావులు తలలు బద్దలుకొట్టుకుని తయారుచేసిన వస్తువు. చూసేవాళ్ల కళ్లలో తడిని అది పసిగడుతుంది. కూర్చున్న అందరి కళ్లూ చెమర్చిన మరుక్షణం కథని తిప్పేస్తుంది. మునిగిన పడవ తేలుతుంది, ప్రాణం పోయినవాడు లేచి కూర్చుంటాడు. అందరూ ఏడవాలని ఎందుకు పెట్టారయ్యా అంటే, ఇంటిల్లిపాదీ ఒకరి బాధ ఒకరు పంచుకోవాలట! వినడానికి ఎంత బాగుందో. చచ్చినవాడు చచ్చినట్టే ఉండిపోయే కథ ఒక్కటంటే ఒక్కటి ఆ పిల్లలు ఎరగరు.

రోహిణికి ఓ పట్టాన ఏడుపొచ్చేది కాదు. "అమ్మా, తొందరగా ఏడువు, తిప్పేద్దాం!" అని పిల్లలు మీదపడి గోల చేస్తే, మరమరాల్లోంచి ఉల్లిపాయ ముక్క తీసి కళ్ల దగ్గర నలిపేది. ఆ దొంగ కన్నీళ్లని కూడా తెర నమ్మేసేది. నలుగురూ పడీపడీ నవ్వేవారు.

ఈవేళ కథలో ఏనుగుపిల్ల వాళ్లమ్మ ఊబిలో కూరుకుపోయింది. పిల్ల ఒడ్డున నిలబడి తొండం చాచి అరుస్తోంది. బుజ్జిగాడు ముక్కు ఎగబీల్చాడు. లాస్య చెంపలు తడిశాయి. తెర అక్కడే ఆగి ఎదురుచూసింది. శశాంక్ కళ్లు మాత్రం పొడిగా ఉన్నాయి. పిల్లల ముందు కంటతడి పెట్టకు, బెదిరిపోతారు అని పెద్దవాళ్లంతా చెప్పారు. ఆసుపత్రిలోనూ, ఆ తర్వాతా పళ్లు బిగబట్టి ఆ మాట నిలబెట్టాడు. ఇప్పుడు ఏడుద్దామన్నా రావడం లేదు.

"నాన్నా, ఏడువు."

"రావట్లేదమ్మా. ఇంకో కథ పెట్టుకుందామా?"

లాస్య అతని మొహంలోకి చూసింది. "ఆ రోజు కూడా నువ్వు ఏడవలేదు."

"ఏ రోజు తల్లీ?"

"ఆస్పత్రిలో. నేను ఏడ్చాను, తమ్ముడు ఏడ్చాడు, అమ్మమ్మ ఏడ్చింది, నర్సు కూడా ఏడ్చింది. నువ్వొక్కడివే ఏడవలేదు. అందుకే అమ్మ లేవలేదు."

శశాంక్ కూతురివైపు తిరిగాడు. ఈ మాట కడుపులో దాచుకునే ఈ పిల్ల ఇన్నాళ్లూ తన చేతి ముద్దలు తింది, తన పక్కనే పడుకుంది. అమ్మని నాన్నే పోనిచ్చాడని నమ్ముతూనే.

"నిజంగా అయితే అలా తిప్పడం కుదరదమ్మా," అన్నాడు.

"ఎందుకు కుదరదు? ప్రతిసారీ కుదిరిందిగా!"

ఈలోగా బుజ్జిగాడు గిన్నెలో కెలికి ఓ ఉల్లిపాయ ముక్క పట్టుకున్నాడు. తండ్రి ఒళ్లోకెక్కి, జిడ్డు వేళ్లతో దాన్ని అతని కంటి దగ్గర పెట్టాడు.

"ఆస్పత్రికి ఉల్లిపాయ తీసుకెళ్లాల్సింది నాన్నా. మర్చిపోయాం," అన్నాడు జాలిగా.

అంతే, శశాంక్ భోరుమన్నాడు. పిల్లలిద్దర్నీ పొదువుకుని వెక్కి వెక్కి ఏడ్చాడు. పాడు తెర, అదంతా చూడనే చూసింది. సన్నాయి మోగించి తల్లి ఏనుగుని ఒడ్డుకి లాగి నిలబెట్టింది.

"తిరిగింది! నాన్న ఏడ్చేశాడు!" అని కేకేసింది లాస్య.

బుజ్జిగాడు ఒక్క ఉరుకున వెళ్లి వీధి తలుపు బార్లా తీశాడు. లాస్య కూడా పరుగెత్తి, మెట్ల మీద దీపం వేసి, తమ్ముడి చెయ్యి పట్టుకుని నిలబడింది. వీధిలో చీకటి పడింది. ఎవరూ రాలేదు.

"లోపలికి రండి నాన్నా," అంటూ శశాంక్ లేచి కళ్లు తుడుచుకోబోయాడు.

లాస్య గభాలున వచ్చి ఆ చెయ్యి పట్టుకుని ఆపింది.

"తుడుచుకోకు నాన్నా, ఆపకు. అమ్మ అప్పుడే చాలా దూరం వెళ్లిపోయి ఉంటుంది. వచ్చేదాకా ఏడువు."