ఎర కొట్టులో కరచాలనం

రేవు చివరి ఎర కొట్టులోకి చీకటి పడ్డాక ఎవరూ ఒంటరిగా వెళ్లరు. లోపలున్నది అరవదట, మీద పడదట. మర్యాదగా చెయ్యి కలుపుతుందట! ఐసు మోసే అతను ఒకసారి ఆ చేతిని తాకి వచ్చి, చాలా రోజులు సొంత చేత్తో ముద్ద ముట్టలేదు. వాళ్లావిడ తినిపిస్తుంటే బాగుందని ఇంకొన్నాళ్లు పొడిగించాడని కూడా అంటారు.

అలాంటి చోటికి వెళ్లాల్సొచ్చింది మన అత్తరబ్బాయికి. సెంట్లు, సబ్బులు అమ్మే కొట్టు అతనిది. చేపల బజారు ఇంకా వీధి అవతలుండగానే ముక్కుకి రుమాలు అడ్డం పెట్టుకునే రకం. అంతటివాడు వెతికి వెతికి పడవ సరంగు చెల్లెల్ని ప్రేమించాడు.

సరంగు ఒక్కటే మాటన్నాడు: "నాతో నడిసముద్రానికి ట్యూనా వేటకి రా. వెనక్కి తిప్పమనకుండా ఉంటే, అప్పుడు పెళ్లి మాట మాట్లాడదాం."

మనవాడు తయారయ్యాడు చూడండి! టోపీ, నల్ల కళ్లద్దాలు, వాంతుల మాత్రలు, మొహానికి క్రీము. మెరుస్తోందని గాలం దారం చుట్టే రీలు కూడా ఒకటి కొన్నాడు. సరంగు దాన్ని ఒకసారి తిప్పి చూశాడు.

"దీంతో పిత్తపరిగెలు పట్టొచ్చు" అని పక్కన పడేసి, లావుపాటి తాడు, అరచెయ్యంత గాలాలు, పొడుగాటి కొక్కెం పడవలోకి ఎక్కించాడు. "గ్లౌజులేవీ?"

"అవి... తేలేదన్నా."

"ట్యూనా లాగితే తాడు చేతిని కోసుకుంటూ పోతుంది. గ్లౌజుల్లేనివాణ్ణి నేనెక్కించను. ఎర కొట్టులో మేకుకి పాతవి వేలాడుతుంటాయి. పరిగెత్తు!"

మనవాడు తన ఫోను అప్పటికే నీళ్లు తగలకుండా ప్లాస్టిక్‌లో చుట్టి, సామాన్ల అడుగున పెట్టేశాడు. పడవ మీదున్న ఒక్క లైటూ ఐసు నింపేవాళ్లకి కావాలి. చీకట్లోనే వెళ్లాడు.

తలుపు తోశాడు. ముందు వాసన వచ్చింది — కుళ్లిన చేప, తడి గోనె, పాత నెత్తురు... గొంతులోకి దిగి నాలుక మీద పేరుకునే వాసన.

కాలి కింద ఏదో మెత్తగా చితికింది. గోడ పట్టుకుంటే జిగట. వేళ్లు చొక్కాకి తుడుచుకుంటే చొక్కాకీ అదే జిగట.

అప్పుడు... గుసగుస. ఆగకుండా, తడితడిగా, ఎవరో నోట్లో నీళ్లు పోసుకుని మాట్లాడుతున్నట్టు.

"ఎ... ఎవరండీ?"

దెయ్యాన్ని 'అండీ' అన్న మొదటివాడు మనవాడే.

చెయ్యి చాపాడు. మేకు తగిలింది. మేకు కింద —

ఇంకో చెయ్యి.

అయిదు వేళ్లు. తడిగా... గోరువెచ్చగా. బొటనవేలు కదిలింది. చూపుడువేలు ఉబ్బింది. అరచెయ్యి అతని అరచేతిలో మెల్లగా పొర్లింది.

అరుద్దామని నోరు తెరిచాడు. వాసన లోపలికెళ్లింది. అరుపు రాలేదు... తిన్నదంతా వచ్చింది.

భయానికి పిడికిలి బిగుసుకుపోయి, ఆ చేతిని వదల్లేక, దాంతో సహా పడవ దాకా పరిగెత్తాడు.

సరంగు లైటు ఎత్తాడు. "తెచ్చావే!"

జతగా కట్టిన గ్లౌజులు. నిండా పురుగులు... తెల్లగా, లావుగా, ఒకదాని మీద ఒకటి పాకుతూ. ఎర కోసిన ప్రతిసారీ ముక్కలు లోపల చిక్కుకుంటాయి, ఈగలు ఊరుకుంటాయా? గుసగుసలాడిందీ, చెయ్యి కలిపిందీ అవే.

సరంగు తాపీగా గ్లౌజుల్ని బోర్లించి పడవ అంచుకేసి కొట్టాడు. పురుగులు జలజలా నీళ్లలో రాలాయి. మనవాడు గ్లౌజుల్ని అందుకుని కడుగుదామని నీళ్ల మీదికి వంగాడు.

"ఆగు! నాకు కలిసొచ్చిన గ్లౌజులవి. పోయినేడు వాటితోనే నా అంత ట్యూనాని లాగాను. కడిగితే అదృష్టం పోతుంది. తొడుక్కో... లేదా దిగు."

సాగనంపడానికొచ్చిన చెల్లెలు ఒడ్డున ముక్కు మూసుకుని నిలబడింది. కళ్లతో మాత్రం బతిమాలుతోంది.

మనవాడు ఊపిరి బిగబట్టి దూర్చాడు. ఒక్కో వేలూ... పచపచమంటూ... చివరిదాకా.

"సరిపోయాయా?"

"సరిపోయాయి... బావా."

సరంగు పకపకా నవ్వి ఇంజను వేశాడు. ఒడ్డు దూరమైంది.

అప్పుడు, చిటికెనవేలి కొసన మిగిలిపోయినది ఒకటి... మెల్లగా ఒళ్లు విరుచుకుంది.