గొడుగు అంచు

"ఒక్క చుక్కయినా పడిందా దాలయ్యా?"

వాకీటాకీలో డాక్టర్ హైమవతి ఈ మాట ఎన్నోసారి అడుగుతున్నదో ఆవిడకే తెలియదు. దాలయ్య పందొమ్మిదో అంతస్తు అద్దం ముందు, తాళ్లకు కట్టిన చెక్క మీద కూర్చుని వేలాడుతున్నాడు. ఒక చేతిలో సబ్బు గుడ్డ, ఇంకో చేతిలో వైపర్. చుట్టూ నాలుగు దిక్కులా కుండపోతగా వాన. సముద్రం కనబడడం లేదు, పోర్టు కనబడడం లేదు. అతని మీద మాత్రం ఏమీ పడడం లేదు.

"లేదు మేడమ్. సొక్కా పొడిగానే ఉంది."

"సరిగ్గా చూసి చెప్పు."

"నాలిక బైటెట్టి కూడా సూసేను మేడమ్. ఏటీ లేదు."

అవతల ముక్కు ఎగబీల్చిన చప్పుడయింది. ఆవిడ ఏడుస్తున్నదని దాలయ్య అనుకున్నాడు. చదువుకున్నవాళ్లు సంతోషం వచ్చినా ఏడుస్తారని అతను ఇళ్ల అద్దాల్లోంచి గమనించాడు. నిజానికి అద్దం తుడిచేవాడు అద్దాన్నే చూడాలి, ఇంట్లోకి చూడకూడదు. అది వాళ్ల వృత్తిధర్మం. దాలయ్య ధర్మం తప్పేవాడు కాడు, అప్పుడప్పుడు తప్ప.

ఆ రోజుల్లో వాన ఆ తీరనగరానికి చుట్టంలా వచ్చి ఇల్లరికపు అల్లుడిలా స్థిరపడిపోయింది. పోర్టులోని బొగ్గు ధూళినంతా వెంట తెచ్చి టవర్ల అద్దాలకు పూసేది. ఆ మసి తడిగా ఉండగానే తుడిస్తే పోతుంది. ఆరిందా, సిమెంటులా పట్టేస్తుంది. అందుకని ఒకప్పుడు వానొస్తే సెలవు దొరికే అద్దాల పనివాళ్లకు, ఇప్పుడు వానలోనే పని. సముద్రం కనబడుతుందని అంత సొమ్ము పోసి ఫ్లాట్లు కొన్నవాళ్లు మసి చూస్తూ కూర్చోలేరు కదా. సముద్రాన్ని మాత్రం వాళ్లు చుట్టాలొచ్చినప్పుడే చూసేవారు.

రెండేళ్ల కిందట ఎర్రయ్య అనే పనివాడు సైంటిస్టు డాక్టర్ హైమవతి ఫ్లాట్ కిటికీ ముందు నుంచి కిందకు వెళ్లాడు. రోజూ వెళ్లేవాడే. ఆ రోజు మాత్రం తాడు లేకుండా వెళ్లాడు. టవర్ అసోసియేషన్ కార్యదర్శి చలపతిరావు గారు మర్నాడే లిఫ్టులో నోటీసు అంటించారు: తడి తాళ్ల విషయంలో పనివాళ్లు జాగ్రత్త వహించవలెను. హైమవతి గారు చేతిలోని కాఫీ కప్పు కింద పెట్టి, మేడ మీద షెడ్డు వేయించుకుని, గొడుగు తయారుచెయ్యడం మొదలుపెట్టారు.

గొడుగంటే బట్టా ఊచలూ కాదు. తల దువ్వుకున్న ప్లాస్టిక్ దువ్వెన కాగితం ముక్కల్ని లాగడం అందరూ చూసిందే. అది చార్జ్. ఒకే రకం చార్జ్ ఉన్నవి రెండు ఎదురుపడితే మటుకు, వాటా పంచుకున్న అన్నదమ్ముల్లా, ఒకదాన్నొకటి దూరంగా నెట్టుకుంటాయి. హైమవతి గారు టవర్ మీద ఒక ఎత్తయిన స్తంభం నిలిపి, దాని చుట్టూ రాగి వలయాలు బిగించారు. పై వలయం, పడుతున్న ప్రతి చినుక్కీ చార్జ్ ఎక్కిస్తుంది. కింది వలయం అదే చార్జ్‌తో ఆ చినుకును పక్కకు తోస్తుంది. చినుకులు కనబడని కప్పు మీద పడ్డట్టు జారుకుంటూ పోయి దూరంగా దిగుతాయి. ఆ దిగే చోటును ఆవిడ 'అంచు' అన్నారు. మామూలు గొడుగును వంచినట్టే ఈ గొడుగునూ ఒక పక్కకు వంచవచ్చు. అప్పుడు అంచంతా ఒకేచోటికి చేరుతుంది.

అంటే, ఆ యంత్రం వానను ఆపదు. పక్కవాడి మీదకు పంపుతుంది. ఇందులో కొత్తగా కనుగొన్నదేమీ లేదనీ, తమ అసోసియేషన్ మొదటినుంచీ అదే పని చేస్తోందనీ ఎవరూ అనలేదు.

మొదటివారం అంచు కార్ల మీద పడింది. కార్ల వాళ్లు వచ్చి అరిచారు. జరిపితే వాకింగ్ ట్రాక్ మీద పడింది. నడిచేవాళ్లు వచ్చారు. వాళ్లు నడవగా ఎవరూ చూడలేదు, అరవగా అందరూ చూశారు. ఇంకాస్త జరిపితే క్లబ్ హౌస్ పచ్చిక మీద పడింది. అక్కడ చలపతిరావు గారి మేనకోడలి పెళ్లి జరగవలసి ఉంది.

ఇక గోడ అవతలి వాగు, అక్కడివాళ్లు గెడ్డ అనేది, ఒక్కటే మిగిలింది.

గెడ్డగట్టు మీద దాలయ్య ఇల్లు ఉంది. కాదు, అతని అత్త పోలమ్మ ఇల్లు ఉంది, దాలయ్య అందులో ఇల్లరికం ఉన్నాడు. పోలమ్మ కొడుకు గురువులు పక్క వరస ఇళ్లలోకి ఇల్లరికం పోతే, పక్క వరస దాలయ్య ఇక్కడికొచ్చాడు. ఇంత దానికి రెండు పెళ్లిళ్లు ఎందుకు, మంచాలు మార్చుకుంటే పోయేది కదా అని గట్టు మీద ఇప్పటికీ అంటారు. గురువులే మేడ మీద చక్రం తిప్పి దాలయ్య కూర్చున్న చెక్కను పైకి లాగేవాడు, కిందకు దించేవాడు. పోలమ్మ దాలయ్యకు సొంత మేనత్త. తుంటి ఎముక విరిగి మంచం పట్టింది. నోటికి మాత్రం ఏ ఎముకా లేదు కాబట్టి అది బాగానే ఉండేది.

గట్టు మీద ఇళ్లకు పట్టాల్లేవు. చేతిలో కాగితంతో ఎవడు కనబడినా అక్కడ ఒకటే మాట: "ఇక్కడెవరూ లేరు బాబూ, గేదెల్ని మేపుకోడానికొచ్చేం." పిల్లలకు అమ్మా నాన్నా అన్న మాటల తరవాత నేర్పేది ఇదే. గట్టు మొత్తానికి ఉన్నవి మూడు గేదెలు. వాటికి అన్ని వందలమంది కాపరులేమిటని ఏ ఆఫీసరూ అడగలేదు. డ్రోన్లు తిరగడం మొదలయ్యాక అందరూ ఇళ్ల మీదకు ఆనప పాదులు ఎక్కించారు. పైనుంచి చూస్తే పచ్చగా ఉంటుంది. కూరకు కూరా అయింది.

ఆ వేళ మేడ మీద హైమవతి గారు టాబ్లెట్‌లో మ్యాప్ తెరిచి దాలయ్యను పిలిచారు. పక్కన చలపతిరావు గారు చేతిలో కాగితాలు పట్టుకుని నిలబడ్డారు.

"దాలయ్యా, నువ్వు రోజూ పైనుంచి చూస్తావు కదా. గోడ అవతల ఈ పచ్చటి చోటుంది చూడు. ఇక్కడ ఎవరుంటారు?"

దాలయ్య మ్యాప్ చూశాడు. తన ఆనప పాదును గుర్తుపట్టాడు. తరవాత చలపతిరావు గారి చేతిలో కాగితాలు చూశాడు.

"ఎవరూ లేరు మేడమ్. గేదెలు మేస్తాయి."

తుమ్ము వచ్చినట్టు వచ్చేసింది మాట.

"నిజంగానా? నీళ్లు చాలా పడతాయి. మనుషులుంటే చెప్పు, ఇంకో దారి చూస్తాను."

ఆవిడ మంచి మనిషి. ఆ సంగతి దాలయ్యకు తెలుసు. కాని మంచి మనిషి పక్కన కాగితాల మనిషి ఉన్నాడు.

"ఎవరూ లేరు మేడమ్," అన్నాడు మళ్లీ.

ఇంటికి వెళ్లి ఈ సంగతి చెబితే పోలమ్మ మంచం మీదనే ఒత్తిగిల్లి, అల్లుణ్ణి మొదటిసారి చూసినట్టు చూసింది.

"బాగా సెప్పేవురా! ఇన్నాళ్లకి నువ్వూ మడిసివయ్యేవు."

"నీళ్లు మన మీద పడతాయటత్తా."

"పడితే పడనీ. వాన మనకి కొత్తేటి? మీ మావ నన్ను మనువాడినప్పుడు కూడా వానే. అంతకంటే పెద్ద ఆపద ఏటొస్తాది?"

పక్కన బియ్యం ఏరుతున్న నూకరత్నం నవ్వింది. నూకరత్నం దాలయ్య పెళ్లాం. తల్లి తన మొగుణ్ణి మెచ్చుకోవడం ఆమె కూడా అదే మొదలు చూడ్డం.

గొడుగు గెడ్డవైపు వంగింది. కొన్నాళ్లు బాగానే గడిచింది. గెడ్డ కాస్త ఉబ్బేది, మంచాల కింద ఇటుకలు పెట్టుకునేవారు. ఆ యంత్రానికి హైమవతి గారికి ఢిల్లీలో సన్మానమన్నారు. ఆవిడ వెళ్లిన రోజునే సముద్రంలో వాయుగుండం తీరం తాకింది. అదే రోజు చలపతిరావు గారి మేనకోడలి పెళ్లి.

ఆ పూట గొడుగు సత్తా నగరమంతా చూసింది. ఊరు ఊరంతా మునుగుతుంటే పచ్చిక మీద షామియానా కూడా లేకుండా పెళ్లి జరుగుతోంది. పురోహితుడు వరుణుడికి దణ్ణం పెట్టి మరీ మొదలుపెట్టాడు. పెళ్లివాళ్ల ముందు అద్దాలు మెరవాలని దాలయ్యను పందొమ్మిదో అంతస్తుకు దింపారు. ఫోన్లు ఎప్పటిలాగే గేటు దగ్గర పెట్టించుకున్నారు, ఇళ్లలోకి ఫొటోలు తీస్తారని. వాకీటాకీలో గుర్రుమనే చప్పుడు తప్ప ఏమీ లేదు. దాని అవతలి మనిషి ఢిల్లీలో శాలువా కప్పించుకుంటోంది.

దాలయ్య తల తిప్పి చూశాడు. గోడ అవతల వాన పడడం లేదు. నీటిగోడ నిలబడి ఉంది. తెల్లగా, ఆకాశం నుంచి గెడ్డ దాకా. దాని అడుగున ఆనప పాదుల పచ్చదనం ముందు కాస్త కదిలింది, తరవాత ఎర్రటి నీళ్లలో తేలింది.

"బావా!" పైనుంచి గురువులు కేక. "గట్టు పోతంది బావా! పిల్లలు!"

"నన్ను లాగెహె ముందు! అత్త మంచమ్మీదుందిరా!"

లాగడానికి చాలా సేపు పడుతుంది. గురువులుకు అంత సేపు లేదు. చక్రం తిరక్కుండా చీల పెట్టేసి మెట్లమీదుగా పరుగెత్తాడు. తప్పని ఎవరంటారు? దాలయ్య కూడా అనలేదు, తరవాత్తరవాత.

అప్పుడతను తన వృత్తిలో ఎన్నడూ చెయ్యని పని చేశాడు. అద్దాన్ని గుద్దాడు.

అది చలపతిరావు గారి ఫ్లాటే. ఆయన పట్టుపంచె కట్టుకుని, అద్దం ముందుకొచ్చి ఉత్తరీయం సర్దుకుంటున్నారు. దాలయ్య వెనక్కి చెయ్యి చూపించి అరిచాడు. ఆ అద్దం బయటి చప్పుడు లోపలికి రానివ్వదు. దానికి వేరే ధర కట్టారు. ఆయన దాలయ్య నోరు కదలడం చూశారు, ఆలోచించారు, అర్థమైనట్టు తలూపారు. తరవాత అద్దం పైమూల చూపుడువేలితో చూపించారు. అక్కడ మసి మరక ఒకటి మిగిలి ఉంది.

దాలయ్య ఆ మరక తుడిచాడు. ఎందుకు తుడిచాడో అతనికి తెలియదు. చెయ్యి తుడిచేసింది.

ఆయన మెచ్చుకోలుగా నవ్వి కర్టెన్ వేసుకుని పెళ్లికి వెళ్లారు.

చీకటి పడేదాకా దాలయ్య అక్కడే వేలాడాడు. ఎర్రయ్యలా జారిపోకుండా తాళ్లు పొడిగా, గట్టిగా ఉన్నాయి. అతని మీద ఒక్క చుక్క పడలేదు. కింద సన్నాయి వినిపించింది. గట్టు మీదనుంచి ఏమీ వినిపించలేదు. అటువైపు అరుపుల్ని నీటిగోడ చప్పుడు మింగేసింది.

గురువులు తన పిల్లల్ని బతికించుకున్నాడు. నూకరత్నం టవర్లో ఎవరింట్లోనో అంట్లు తోముతోంది కాబట్టి బతికింది. పోలమ్మ మంచం మర్నాడు వంతెన దగ్గర, ఇటుకల్లేకుండా దొరికింది. పోలమ్మ ఇంకాస్త దిగువన దొరికింది. అంత తొందరగా ఎక్కడికీ వెళ్లని మనిషి.

దహనమైన మర్నాడు, గెడ్డ పొంగిందని విని ఢిల్లీ నుంచి వచ్చిన హైమవతి గారు బురదలో చెప్పులు చేత్తో పట్టుకుని గట్టు మీదకు వచ్చారు. మొహం పీక్కుపోయి ఉంది. ఆవిడ వెంట రెవెన్యూ ఆఫీసరు, అతని చేతిలో కాగితం. గట్టువాళ్లు తడిబట్టలతో గుమిగూడారు.

"దాలయ్యా," అన్నారావిడ, "నిజం చెప్పు. ఇక్కడ మనుషులున్నారా? ఉన్నారని ఒక్క మాట అను. ఈ క్షణమే గొడుగు ఆపించేస్తాను."

ఆఫీసరు గొంతు సవరించుకున్నాడు. "ఉన్నారంటే మాత్రం గెడ్డ ఆక్రమణ కిందకొస్తుంది. సాయంత్రంలోగా అందరూ ఖాళీ చెయ్యాలి."

దాలయ్య నోటి దాకా పాత మాటే వచ్చింది. దాన్ని మింగేశాడు.

"ఉన్నారు మేడమ్. మా అత్త ఉంది. పోలమ్మ. ఈ రాయున్న కాడే మంచం."

తరవాత గురువులు ముందుకొచ్చాడు. కన్నతల్లికి తల కొరివి పెట్టి ఒక రోజు కాలేదు.

"ఆడికి మతి పోనాది బాబూ. తాడు మీద ఏలాడి ఏలాడి తల తిరిగిపోనాది. ఇక్కడెవరూ లేరు."

"లేరు బాబూ," అన్నారు వెనకనుంచి ఇద్దరు ముగ్గురు.

"ఒరే గురువులూ, మీ అమ్మరా!" అన్నాడు దాలయ్య.

ఆఫీసరు విసుక్కుని నూకరత్నం వైపు తిరిగాడు. "ఇతను నీ మొగుడేనా? ఎవరీ పోలమ్మ?"

నూకరత్నం కొంగు ముడిలో తల్లి వెండి కడియాలున్నాయి. ఆ ముడిని గుప్పిట బిగించి, వెనక నిలబడ్డ పిల్లల్నీ నేల మీది చట్టీకుండల్నీ చుట్టూ చూసి, మొగుడి మొహం మాత్రం చూడకుండా చెప్పింది.

"తెలీదు బాబూ. మేం గేదెల్ని మేపుకోడానికొచ్చేం."

"గేదెలేవి?"

"కొట్టుకుపోనాయి."

హైమవతి గారు అందరి మొహాలూ ఒక్కొక్కటే చూశారు. దాలయ్య దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగారు. ఆ తరవాత ఆవిడ భుజాలు కిందకు దిగాయి. పోనీలే, మనుషులు లేరు. రెండు రాత్రులుగా నిద్రపోని మనిషికి అంతమంది కలిసి ఒక నిద్ర ఇస్తే, కాదని ఎలా అంటుంది? ఆఫీసరు కాగితం మీద రాసుకున్నాడు: నష్టం, గేదెలు మూడు.

టవర్ అసోసియేషన్ పెద్ద మనసు చేసుకుని గేదెలకు పరిహారం ఇచ్చింది. ఆ సొమ్ముతో గట్టువాళ్లు మళ్లీ మూడు గేదెల్నే కొన్నారు. రేపు మళ్లీ ఎవడైనా కాగితం పట్టుకుని వస్తే చూపించడానికి గేదెలుండాలి కదా. మంచాలు గట్టు మీద కాస్త పైకి జరుపుకున్నారు, కొత్త ఆనప విత్తులు పెట్టారు.

గొడుగు ఇప్పటికీ అటే వంగి ఉంది. వాన పట్టినప్పుడల్లా దాలయ్య పొడి చొక్కాతో పందొమ్మిదో అంతస్తు తుడుస్తాడు. తల తిప్పితే, పోలమ్మ మంచం ఉండే చోట కట్టేసిన గేదె కనబడుతుంది. నీటిగోడ కింద నిలబడి, నూకరత్నం వేసిన గడ్డి నెమరేస్తూ ఉంటుంది. గేదెకు వానంటే ఇబ్బంది లేదు.