గోడ మీద వందేరి

"టైప్‌రైటింగ్‌లో ఒక టీ ఎక్కువైంది."

నిచ్చెన మీద నిలబడి ఇన్‌స్టిట్యూట్ బోర్డు రాస్తున్న యువకుడు కిందికి చూడకుండానే, "ఎక్కువైతే తాగేస్తే పోయె," అన్నాడు.

"ఇంగ్లిష్ టీ అండీ. రెండు వేశారు. పాపారపట్టి ఊరంతా నవ్వుతుంది."

అప్పుడు చూశాడు. చూసినవాడు చూస్తూనే ఉండిపోయాడు. కుంచెలోంచి ఎర్ర పెయింటు చుక్క జారి, ఆమె చేతిలోని తెల్లకాగితాల మీద టప్పున పడింది.

"అయ్యో!"

"ఇదీ తాగేస్తారా?" అంది రంగమ్మ.

అలా మొదలైంది. అతని పేరు రాజమాణిక్కం. ఆ తమిళ ఊళ్లో బోర్డులు, గోడలు రాయడం వృత్తి. ఆమె మూడు మైళ్ల అవతలి ఊరి రైతుబిడ్డ, టైపింగ్ హయ్యర్ పరీక్షకు తయారవుతోంది. ఆ తరువాత ఎనిమిది నెలలు, సరిగ్గా ఆమె క్లాసు విడిచే వేళకే, ఎదురు కొట్టు బోర్డులో అతనికి ఏదో ఒక లోపం కనిపించేది. ఒకరోజు పెద్ద వానపట్టి ఇద్దరూ ఒకే చూరు కింద చిక్కుకున్నారు. చూరు నీటి చుక్కలు లెక్కపెడుతూ గంట గడిపారు. చివరికి, "ఇంకాస్త కురిస్తే బాగుండు," అని ఇద్దరూ ఒకేసారి అనేసి, ఇద్దరూ సిగ్గుపడ్డారు.

కానీ రంగమ్మ అతనికి ఒక సంగతి చెప్పలేదు. వాళ్లింట్లో మాట్లాడేది తెలుగు. చిన్నప్పుడు బడిలో తోటి పిల్లలు ఆమె యాసను వెక్కిరించిన నాటినుంచి, ఇల్లు దాటితే ఆమె నోట తమిళమే. అతనితోనూ అంతే. మీ నాన్న ఏం చేస్తారంటే "వ్యవసాయం" అనేసి మాట మార్చేది. తెలిస్తే ఆ చూపు మారిపోతుందేమోనని భయం.

ఎనభై ఆరులో పంచాయితీ ఎన్నికలొచ్చాయి. ఆమె తండ్రి సుబ్బరాయప్ప ఊరి ప్రెసిడెంటు పదవికి నిలబడ్డాడు. ఎదుటి అభ్యర్థి మాయాండి. పోలింగు వారం ఉందనగా, రంగమ్మ తన అవ్వ పుట్టమ్మతో బస్సు కోసం వెళుతుంటే రైస్‌మిల్లు గోడ మీద కొత్త రాత కనిపించింది. తమిళంలో, తడి ఆరని నీలి అక్షరాలు: "వందేరికి ఓటా? మట్టి బిడ్డకే మన ఓటు!"

"ఏం రాసినారమ్మే? మీ నాయన పేరుందా?" చదువురాని అవ్వ అడిగింది.

"లేదవ్వా."

"మరి? నీ ముఖమెందుకట్లా అయిపోయె?"

చెప్పక తప్పలేదు. "వందేరి అని రాసినారు. యాడనుంచో వచ్చి మన ఊరు ఎక్కినోళ్లు అని."

పుట్టమ్మ గోడను చాలాసేపు చూసింది. "నేను ఈ ఊళ్లోనే పుట్టినాను. మా అవ్వా ఈడనే పుట్టింది. ఆ వచ్చినోళ్లెవరో నాకే తెలీదు. యాడికి పొమ్మంటారంటమ్మే?"

రంగమ్మ కళ్లు మొదటి అక్షరం మీదే ఉన్నాయి. 'వ' చివర ఆ ఒంపు తిప్పేది ఆ చుట్టుపక్కల ఒకే ఒక్క చెయ్యి.

ఆ సాయంత్రం రాజమాణిక్కం ఇన్‌స్టిట్యూట్ గుమ్మంలో నవ్వుతూ నిలబడ్డాడు. లోపల మాస్టరు వేడియప్పన్ ఒక్కడే ఉన్నాడు, రిటైరైన తమిళ పంతులు.

"మిల్లు గోడ మీ రాతేనా?" అంది రంగమ్మ.

"కనిపెట్టేశారే! ఎలా ఉంది?"

"మాట ఎలా ఉందో చెప్పమంటారా?"

అతని నవ్వు కొంచెం తగ్గింది. "మాయాండి మనిషి చీటీ ఇచ్చాడు, రాశాను. రేపు ఆ తెలుగాయన ఇస్తే అదీ రాస్తాను. ఎవరో ఏదో అనుకుంటే మనకెందుకండీ..."

"ఆ ఎవరో మా నాయన! సుబ్బరాయప్ప కూతుర్ని నేను!"

ఆ మాటలు తెలుగులో వచ్చేశాయి. అతనికి భాష అర్థం కాలేదు. పేరు అర్థమైంది. ముఖం పాలిపోయింది.

"ఎనిమిది నెలలు... ఒక్కసారైనా చెప్పలేదే?"

"ఈ మాట పడాల్సి వస్తుందనే," అంది మళ్లీ తమిళంలో.

"అది తిట్టు కాదు. వచ్చి ఉన్నవాళ్లని అర్థం, అంతే కదా సార్?" మాస్టరు వైపు ఆశగా తిరిగాడు.

వేడియప్పన్ కళ్లజోడు తీశాడు. "విడదీస్తే అంతే. వందు అంటే వచ్చి, ఏరి అంటే ఎక్కి. నా చిన్నప్పుడు కొత్తగా కూలికి దిగిన కుటుంబాలను అలా అనేవాళ్లు. మాదీ అందులో ఒకటి. సేలం వైపునుంచి వచ్చాం. మేం మాట్లాడిందీ తమిళమే, అయినా అన్నారు. తరువాత ఆ మాట మీటింగుల్లో మైకెక్కింది. ఎన్నికకొకరి మీద పడుతోంది. అర్థం నన్నడక్కు మాణిక్కం. ఆ పిల్ల ముఖం చూడు."

చూశాడు. రంగమ్మ కాగితాలు సర్దుకుంటోంది.

"ఇంక నేను ఇక్కడికి రాను," అని వెళ్లిపోయింది.

మూడో రోజు పొద్దున, బస్సు వేళకు, మిల్లు గోడ దగ్గర జనం గుమికూడారు. మాణిక్కం నిచ్చెనెక్కి ఉన్నాడు. చేతిలో కుంచె, పక్కన వేలాడుతూ సున్నం బకెట్టు. కింద మాయాండి మనుషులు ముగ్గురు.

"దిగరా! ఎవరు చెప్పారు తుడవమని?"

"రాసినవాణ్ణి నేనే. తుడిచేవాణ్ణీ నేనే."

ఒకడు నిచ్చెన పట్టుకుని ఊపాడు. సంత బస్సు కోసం నిలబడ్డ రంగమ్మ అటు రెండడుగులు వేసి ఆగింది. ముందుకెళితే ఊరంతటికీ తెలిసిపోతుంది. ఇంట్లో ఏమవుతుందో! నిచ్చెన మళ్లీ ఊగింది. ఆమె పరుగెత్తి వెళ్లి రెండు చేతులా దాన్ని గట్టిగా పట్టుకుంది.

"నేను పట్టుకున్నాను. మీరు కానివ్వండి."

ఆడపిల్ల మీద చెయ్యి వేయలేక, చుట్టూ చూస్తున్న జనం ముందు ఇంకేమీ చేయలేక, వాళ్లు వెనక్కి తగ్గారు. పోతూ పోతూ ఒకడు నిచ్చెనకు తగిలించిన బకెట్టును లాగి బోర్లించాడు. అప్పటికే కుంచెకు ఎక్కిన సున్నం ఆ మొదటి రెండు మాటలు చెరపడానికే సరిపోయింది. మిగిలింది, "మట్టి బిడ్డకే మన ఓటు". అది ఇప్పుడు ఎవరి పక్షమో ఊళ్లో ఎవరూ తేల్చలేకపోయారు.

సుబ్బరాయప్ప ఇరవై మూడు ఓట్ల తేడాతో ఓడిపోయాడు.

ఫలితం తెలిసిన మర్నాడు మాణిక్కం వాళ్లింటికి వచ్చాడు. అరుగు మీద కూర్చున్న సుబ్బరాయప్ప తలెత్తలేదు. నిచ్చెన సంగతి ఎప్పుడో ఆయన చెవిన పడింది.

"ఆ గోడ రాసింది నేనేనండీ. తప్పు ఒప్పుకోవడానికి వచ్చాను. ఇంకొకటి కూడా అడగాలి."

"రెండోది అడగొద్దు." సుబ్బరాయప్ప లోపలికి తిరిగి తెలుగులో కేకేశాడు. "రంగమ్మా! బయటోళ్లకి పిల్లనిచ్చేది మన వంశంలోనే లేదు. పొమ్మను."

రంగమ్మ గడపలోకి వచ్చింది.

"నాయనా, గోడ మీద వాళ్లు అరవంలో రాసిందాన్నే నువ్వు తెలుగులో చెప్తా ఉండావు."

"ఏమన్నావు?" ఆయన లేచి నిలబడ్డాడు.

లోపల అవ్వ చేటతో చెరుగుతున్న చప్పుడు ఆగిపోయింది. ఏం జరుగుతోందో తెలియక మాణిక్కం ఇద్దరి ముఖాలూ మార్చి మార్చి చూశాడు. రంగమ్మ తల దించుకోలేదు.

సుబ్బరాయప్ప అరుగు అంచు తడుముకుని మళ్లీ కూర్చున్నాడు.

"గోడ మీది ఆ మాట విన్న పొద్దు నాకు అన్నం దిగలేదు," అన్నాడు, ఎవరితోనో అన్నట్టు. తరువాత తమిళంలో అడిగాడు. "మీ అమ్మ ఉందా?"

"ఉందండీ. చిన్నపొన్ను అని."

"శుక్రవారం పిలుచుకుని రా. మాట్లాడదాం. ఇస్తానని చెప్పడం లేదు."

"రమ్మన్నారు, అది చాలండీ."

వీధి మలుపు దాకా రంగమ్మ వెంట వెళ్లింది.

"మీ నాన్నతో తెలుగులో ఏమన్నారు?"

"నేర్చుకుని మీరే కనుక్కోండి."

"సరే, ఒకటి నేర్పండి. నువ్వు నాకిష్టం అని తెలుగులో ఎలా అంటారు?"

రంగమ్మ అతని కళ్లలోకి సూటిగా చూసింది. "నువ్వంటే నాకు ఇష్టం."

అతను తలాడించి, వీధంతా వినబడేలా, వంకర టింకరగా, "నువ్వుండే నాగు ఇస్టం!" అని అప్పజెప్పాడు.

రంగమ్మ పకపకా నవ్వింది. ఇంట్లోంచి అవ్వ నవ్వూ వినిపించింది.

అరుగు మీదనుంచి సుబ్బరాయప్ప గట్టిగా దగ్గాడు. "శుక్రవారం అన్నాను!"