తొర్రూరు పెద్దసారు

"ఇది లైబ్రరీనా, కూరగాయల మార్కెట్టా?"

ఆదివారం పొద్దున ఫోన్ తెరవగానే యమునకు కనబడిన మొదటి వాక్యం ఇది. ఫేస్‌బుక్‌లో బడి లైబ్రేరియన్ల గ్రూపులో నిన్న ఎంతో మురిసిపోతూ పెట్టిన ఫోటో కిందే ఉంది. వరంగల్‌లో తను పనిచేసే స్కూల్లో, పిల్లలతో కలిసి పుస్తకాలను 'నవ్వించేవి', 'భయపెట్టేవి', 'నిజంగా జరిగినవి' అని అరలుగా సర్దింది. ఆ అరల ఫోటో అది.

రాసింది 'తొర్రూరు బడి లైబ్రరీ' అనే పేజీ. పేరు పక్కన బట్టతల, దళసరి కళ్లద్దాలు, తెల్ల మీసాలున్న పెద్దాయన ఫోటో. కింద ఇంకో వాక్యం కూడా తగిలించాడు. "నంబర్ లేని పుస్తకం ఒక్కసారి పోతే మళ్ల దొరకది మేడం."

యమునకు ఒళ్లు మండింది. పెద్దాయన కాబట్టి కాస్త తగ్గి రాసింది. తగ్గానని తనే అనుకుంది.

"సార్, మీ వయసుకు దండం. కని మార్కెట్ల జనం ఉంటరు. మీ లైబ్రరీల ఉన్నరా?"

సాయంత్రానికి దాని కింద నలభై నవ్వు ముఖాలు చేరాయి. పెద్దాయన నుంచి మాత్రం ఉలుకూ పలుకూ లేదు. నోరు జారానేమోనని యమున మనసు పీకింది.

మూడో రోజు మెసేజ్ వచ్చింది. "ఉన్నరా అని అడిగినరు కదా మేడం. ఇయ్యాల లెక్కవెట్టిన. ముగ్గురు. అండ్ల ఒకడు వానకు ఆగినోడు."

స్టాఫ్ రూమ్‌లో యమున పడీపడీ నవ్వింది. స్నేహం అలా మొదలైంది.

అసలు యమున ఆ గ్రూపులో చేరిందే దిక్కుతోచక. స్కూల్లో లెక్కల టీచర్లు ఆరుగురు, లైబ్రేరియన్ ఒక్కతే. సందేహం వస్తే బీరువాను అడగాలి. పైగా జూలైలో ప్రిన్సిపాల్ విజయశ్రీ మేడం పిలిచి మెత్తగానే చెప్పింది. "పిల్లలు రాని గది ఎందుకు యమునా? దసరా లోపు మార్పు కనబడకపోతే అక్కడ రోబోటిక్స్ ల్యాబ్ పెడదాం. నీకు ఆఫీసులో అడ్మిషన్ల సీటు ఇస్తాను."

ఇంట్లో ఇంకో గోల. కొత్తవాడలో మగ్గం నేసే తండ్రి మార్కండేయులు మడికొండ ఐటీ పార్కులో పనిచేసే పిల్లాడి సంబంధం చూశాడు. పిల్లాడు మర్యాదస్తుడే. టీ తాగుతూ, "లైబ్రరీ కూడా ఒక జాబేనా?" అన్నాడు. ఇంట్లో ఎవరికీ ఆ మాట తప్పుగా తోచలేదు, యమునకు తప్ప. గది నిలబడితే 'నా పనిని చిన్నచూపు చూసేవాడు నాకొద్దు' అని ధైర్యంగా అనగలదు. గదే పోతే ఏ మొహం పెట్టుకుని అంటుంది?

గ్రూపు మాత్రం ఆమెను చేయి పట్టి నడిపించింది. ఖమ్మం నిర్మల మేడం పిల్లలతో నచ్చిన పుస్తకం గురించి నిమిషం వీడియోలు చేయించడం నేర్పింది. కరీంనగర్ కళావతిగారు లైబ్రరీ పీరియడ్‌ను ఆటలాగా ఎలా నడపాలో వీడియో కాల్‌లో చూపించింది. అయినా యమున ఎక్కువగా ఎదురుచూసేది తొర్రూరు పెద్దసారు మెసేజ్ కోసమే.

"మీ అరలు మంచిగనే ఉన్నయి మేడం. కని నెల గడిస్తె గందరగోళం అయితది. ప్రతి పుస్తకం వీపు మీద నంబర్ వెయ్యుండ్రి. అర పిల్లలది, నంబర్ మనది."

"సరే సార్. మరి మీరు కూడ ఒక 'భయపెట్టేవి' అర పెట్టుండ్రి. ఏమైతదో చూద్దాం."

వారం తర్వాత జవాబొచ్చింది. "నలభై ఒక్కరు మేడం. ఇయ్యాల వాన కూడ లేదు."

చనువు పెరిగి, ఒకరోజు మడికొండ సంబంధం సంగతి కూడా రాసేసింది. "మీరు మా నాయిన లెక్క కాబట్టి అడుగుతున్న సార్. ఏం చెయ్యాలె?"

అవతల ఏదో టైప్ చేస్తున్నట్టు మూడు చుక్కలు పది నిమిషాలు ఆడాయి. చివరికి వచ్చింది రెండు ముక్కలే. "వద్దని చెప్పుండ్రి. అనుభవంతోని చెప్తున్న."

పెద్దల మాట చద్దిమూట అనుకుంది యమున. ఇంట్లో తొర్రూరు పెద్దసారు పేరు చెప్పి, గది సంగతి తేలేదాకా ఆగమంది.

సెప్టెంబర్ చివర్లో లైబ్రరీ చూడటానికి వస్తానంది ప్రిన్సిపాల్. యమున ఊరుకోక, "ముప్పయ్యేళ్ల సర్వీసున్న పెద్దసారు ఒకరు తొర్రూరు నుంచి వచ్చి నా పని గురించి చెప్తారు మేడం," అని మాటిచ్చేసింది. పెద్దసారును పిలిస్తే మళ్లీ మూడు చుక్కలు చాలాసేపు ఆడాయి. "వస్త మేడం. వచ్చినంక తిట్టుండ్రి," అని రాశాడు. ఎందుకు తిట్టాలో ఆమెకు అర్థం కాలేదు.

ఆ రోజు పొద్దుటి నుంచీ వాన. లైబ్రరీ గుమ్మంలో ఒక యువకుడు నిలువునా తడిసి, లోపలికి రావాలా వద్దా అని తటపటాయిస్తున్నాడు.

"పేరెంట్స్ అయితే ఆఫీసు అటుంది," అంది యమున.

"నాకింక పెండ్లే కాలేదు మేడం. నా పేరు మధు. తొర్రూరు నుంచి వచ్చిన."

"పెద్దసారు రాలేదా?"

"ఆ ఫోటోల ఉన్న మొండయ్య సారు రిటైరయి రెండేండ్లాయె. చార్జి ఇచ్చేటప్పుడు 'బీరువాలు ఆరు, బల్లలు రెండు, ఫేస్‌బుక్ పేజీ ఒకటి' అని కాయిదం రాసి నాతోని సంతకం తీసుకున్నడు. ఆ లైబ్రరీని నిలవెట్టింది ఆయనే. ఫోటో తీసెయ్యనీకి మనసొప్పలె." అతను తల వంచుకున్నాడు. "మీకు రాసేది నేనే."

నాయిన లెక్క అని రాసింది గుర్తొచ్చి యమున చెవులు వేడెక్కాయి. "మరి ఎందుకు చెప్పలె?"

"మీరు నాయిన అన్నంక ఎట్ల చెప్పాలె మేడం?"

ఆమె నోరు తెరిచేలోపే విజయశ్రీ మేడం వచ్చేసింది. "ఏరమ్మా మీ పెద్దసారు?"

"బస్సు దొరకలేదని చెప్పుండ్రి, జర సర్దుకుంటది," అని గొణిగాడు మధు.

యమున ఒక్క క్షణం ఊగిసలాడింది. అబద్ధం నోటిదాకా వచ్చింది కూడా. కానీ మూడు నెలలు ఒళ్లు వంచింది తను. దానికి ఇంకొకరి తెల్ల మీసాల సాక్ష్యం ఎందుకనిపించింది.

"నేనే పొరబడ్డాను మేడం. పెద్దసారు ఎవరూ లేరు. ఈయనా నాలాంటి లైబ్రేరియనే. నా పని గురించి నేనే చెప్తాను."

ప్రిన్సిపాల్ ఇద్దరినీ ఎగాదిగా చూసి కూర్చుంది. "చెప్పొద్దు, చూపించు. నాకు పాముల పుస్తకం ఒకటి కావాలి."

యమున కదలకముందే బల్ల దగ్గర చదువుకుంటున్న ఆరో తరగతి పిల్ల ఒకతి లేచింది. "భయపెట్టే పామా మేడం, నిజం పామా?"

"నిజం పామే," అంది ప్రిన్సిపాల్ తడబడి.

ఆ పిల్ల జాబితాలో నంబర్ చూసుకుని, 'నిజంగా జరిగినవి' అరలోంచి నిమిషంలో పుస్తకం తెచ్చి చేతిలో పెట్టింది. తక్కిన పిల్లలు ప్రిన్సిపాల్ వచ్చిన సంగతే పట్టనట్టు చదువుకుంటున్నారు.

"ఇదంతా ఎవరు నేర్పారు నీకు?"

యమున ఫోన్‌లో గ్రూపు తెరిచి చూపించింది. "నాలుగు వందల మంది ఉన్నాం మేడం. వీడియోలు ఖమ్మం నుంచి, ఆటలు కరీంనగర్ నుంచి. నంబర్లు ఈయన." మధు వైపు మాత్రం చూడలేదు. చూస్తే నవ్వొస్తుందని భయం.

విజయశ్రీ మేడం పాముల పుస్తకంతోనే లేచింది. "రోబోలకు పై అంతస్తు చూస్తాను. ఈ పుస్తకం నా పేరు మీద రాసుకో."

వాన తగ్గలేదు. వరండాలో ఇద్దరూ నిలబడ్డారు.

"అనుభవంతోని చెప్తున్న అంటిరి. ఏం అనుభవం?" నిలదీసింది యమున.

"మూడు సంబంధాలోళ్లు నన్ను గదే మాట అడిగిండ్రు మేడం. ఇది కూడ ఒక నౌకరేనా అని."

"ఆ పది నిమిషాలు ఏం టైప్ చేసిండ్రు?"

"నాకు ఇరవై తొమ్మిదేండ్లు, మీ నాయినను కాను, మీరంటే ఇష్టం అని. రాసిన, తుడిచిన. మళ్ల రాసిన."

యమునకు కోపం తెచ్చుకుందామన్నా రాలేదు. ఈ మనిషి ఆమెకు నచ్చింది ఇవాళ కాదు, వాన లేకున్నా నలభై ఒక్కరు వచ్చారని రాసిన రోజే. వయసు అడ్డమొచ్చి ఇన్నాళ్లూ తనకు తాను చెప్పుకోలేదు.

ఇంతలో తల్లి భాగ్యమ్మ ఫోన్. "బిడ్డా, మడికొండోళ్లు మళ్ల అడుగుతాండ్రు. నీ గది సంగతేమాయె?"

"గది నిలవడ్డదమ్మా. వాళ్లకు వద్దని చెప్పు. తొర్రూరు పెద్దసారు ఆదివారం మనింటికొస్తాండు."

మధు ఉలిక్కిపడి చూశాడు.

"అయ్యో, గంత పెద్దమనిషికి బస్సుల తిప్పలెందుకు? మీ నాయినే పోయి కలుస్తడు తియ్."

"తిప్పలేం లేదమ్మా. ఆయనకు ఇరవై తొమ్మిదేండ్లే."

ఫోన్ స్పీకర్లోనే ఉన్నట్టుంది, అటువైపు మగ్గం చప్పుడు ఆగిపోయింది. భాగ్యమ్మ చేతిలోంచి ఫోన్ ఎవరో అందుకున్నారు.

"ఎన్ని గంటలకొస్తడో అడుగు బిడ్డా," అన్నాడు మార్కండేయులు.